ఆపమన్నది ఒకటి, ఆగింది ఇంకొకటి

నందిగామ దగ్గర హైవే పక్కన ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను కొన్నేళ్ళు పనిచేశాను. పాఠాలు చెప్పే ఉద్యోగం కాదు. సర్వర్లు నడిచేలా చూడటం, ఆగిపోతే బాగుచేయడం. మా ఇల్లు జగ్గయ్యపేటలో. వారంలో సగం రోజులు బస్సులో నందిగామ వెళ్ళేదాన్ని. మిగతా రోజులు ఇంట్లోనే కూర్చుని, నా కంప్యూటర్ నుంచి కాలేజీ సర్వర్‌కి కనెక్టయి పని చూసుకునేదాన్ని. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. డ్యూటీ నుంచి ఆయన ఒంటి మీద మోసుకొచ్చే బూడిదరంగు దుమ్మంటే నాకు అసహ్యం. అంతకు మించిన అసహ్యాలు నా ఉద్యోగంలోనే ఉన్నాయని అప్పటికి తెలియదు.

బస్సులో నాకు తోడు మా ల్యాబ్ ఇన్‌ఛార్జి. ఆవిడది చిల్లకల్లు. నేను పేటలో ఎక్కి పక్క సీట్లో బ్యాగు పెడితే, చిల్లకల్లులో ఆవిడ ఎక్కి ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నాకంటే చిన్నది. అక్కా అని పిలిచేది. వాళ్ళ అన్న మిరప, పత్తి వేసే రైతు. అన్నావదినల ఇంటి పక్క పోర్షన్‌లోనే ఈవిడ, భర్త, పిల్లాడు ఉండేవారు. ఆ అన్న కూతురు మా కాలేజీలోనే చదివేది. ఆ పిల్లని చేర్పించింది ఈవిడే.

మా ల్యాబ్ గురించి కొంచెం చెప్పాలి. ఒక పెద్ద సర్వర్ లోపల చాలా చిన్న కంప్యూటర్లు ఉన్నట్టుగా నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఆ లోపలి కంప్యూటర్లని వర్చువల్ మెషీన్లు అంటాం. చేత్తో ముట్టుకోలేం గానీ, విద్యార్థి ముందున్న స్క్రీన్ మీద అది అచ్చం కంప్యూటర్ లాగే పనిచేస్తుంది. వాటిని బయటి ఇంటర్నెట్‌తో కలిపే నెట్‌వర్క్ కూడా అలాంటిదే, కేబుల్ లేని నెట్‌వర్క్. ఎక్కడో దూరంగా కూర్చుని ఆ సర్వర్‌కి కనెక్టయి, ఈ మెషీన్ ఆపు, ఆ నెట్‌వర్క్ ఆపు అని చెప్పే సదుపాయం కూడా ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. అది ఓపెన్ సోర్స్. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. ప్రపంచంలో ఎన్నో చోట్ల వాడతారు.

ప్రాక్టికల్ పరీక్షలప్పుడు పిల్లలు నెట్‌లో చూసి రాయకుండా సర్వర్‌లోని నెట్‌వర్క్‌ని ఆపేయాలి. ఇన్‌ఛార్జి తన టేబుల్ మీది కంప్యూటర్ నుంచి ఒక కమాండ్ కొట్టి ఆపేది. ప్రతి పరీక్షకీ అదే పద్ధతి, ఎప్పుడూ తేడా రాలేదు.

ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను. ఆవిడ ఫోన్ చేసింది.

"అక్కా, ఒకసారి రాగలవా? ఇక్కడ పెద్ద గొడవైంది. నెట్ ఆపానక్కా, ఆగిందని కూడా వచ్చింది. కానీ పిల్లలందరికీ నెట్ వస్తానే ఉందంట."

నేను వెళ్ళేసరికి పరీక్ష ఆపేశారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, వెనక వరసలో ఒక కుర్రాడు వెబ్‌సైట్‌లో చూసి దించుతుంటే పట్టుకున్నాడట. తర్వాత చూస్తే ల్యాబ్‌లో అన్ని మెషీన్లకీ ఇంటర్నెట్ ఉంది. ఇన్‌ఛార్జి అన్న కూతురు కూడా అదే బ్యాచ్. అంతే, లెక్క సరిపోయిందనుకున్నారు.

కరస్పాండెంట్ గారి గదిలో ఏసీ చల్లగా ఉంది. కాలేజీకి ఆయనే యజమాని. జామకాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తింటున్నాడు. పక్కన మా హెచ్ఓడీ, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్. ఎదురుగా ఇన్‌ఛార్జి నిలబడి ఉంది. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి గానీ ఎవరూ కూర్చోమనలేదు.

"నమ్మి ల్యాబ్ నీ చేతిలో పెడితే, మీ అన్న కూతురి కోసం నెట్ వదిలేస్తావామ్మా?" అన్నాడు కరస్పాండెంట్.

"లేదండీ. నేను ఆపానండి. స్టాప్ అయిందని స్క్రీన్ మీద వచ్చిందండి."

"ఆగిందని వస్తే మరి పిల్లలకి ఎలా వచ్చింది?"

"అదే నాకూ తెలీట్లేదండీ."

హెచ్ఓడీ నవ్వాడు. "కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదమ్మా. మనుషులే చెప్తారు."

కంప్యూటర్లతో బతికే మనిషి అన్న మాట అది. నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్, ఆవిడ కొట్టిన కమాండ్ మెషీన్‌లో ఉంటుంది, నేను చూసి చెప్తాను" అన్నాను. చూశాను. సరైన సర్వర్‌కి కనెక్టయింది, సరైన నెట్‌వర్క్‌ని ఆపమంది. అదే వచ్చి చెబితే, "తర్వాత కొట్టి ఉండొచ్చు" అన్నాడు హెచ్ఓడీ. టైం కూడా చూపించాను. ఆయన ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు. కరస్పాండెంట్ జామకాయ గింజ పళ్ళలో ఇరుక్కుంటే నాలుకతో తీసుకుంటున్నాడు. అతని నోటినుంచి వచ్చే ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

మర్నాటి నుంచి ఇన్‌ఛార్జిని ల్యాబ్ నుంచి తీసేసి బస్సుల దగ్గర వేశారు. పొద్దున్నే గేటు దగ్గర ఎండలో, డీజిల్ పొగలో నిలబడి ఏ బస్సు ఎప్పుడొచ్చిందో చూడాలి. బ్యాచ్ మొత్తానికి పరీక్ష రద్దయింది. ఆవిడ మేనకోడల్ని తోటివాళ్ళు అత్త చాటు పిల్ల అని ఏడిపించారు. ఇన్‌ఛార్జి అన్న అయితే, "నీ మూలంగా నా కూతురు దొంగయింది" అన్నాడట. రెండు పోర్షన్ల మధ్య తలుపుకి అటువైపు నుంచి గడియ పెట్టుకున్నారు.

"పొద్దున ఒక పిల్ల అడిగిందక్కా, మీరు ల్యాబ్ మేడం కదా, ఇక్కడేంటని" అంది బస్సులో. "ఏం చెప్పాలో తెలీక, ఎండకి కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి పక్కకెళ్ళి కూచున్నా."

ఓదార్పు కోసం చెప్పలేదు ఆవిడ. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, చీర కూడా మార్చుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆవిడ చేసిందే నేనూ చేసి చూద్దామనుకున్నాను. ఇంటి నుంచి కాలేజీ సర్వర్‌కి కనెక్టయ్యాను. అక్కడి మెషీన్లన్నీ వరసగా కనిపించాయి. నెట్‌వర్క్ ఆపమని అదే కమాండ్ కొట్టాను. ఆగింది అని వచ్చింది. కాలేజీ సర్వర్‌లో చూస్తే, నెట్‌వర్క్ శుభ్రంగా నడుస్తోంది. మరి ఆగిందేమిటి? నా కంప్యూటర్‌లోనే ప్రయోగాల కోసం పెట్టుకున్న చిన్న వర్చువల్ మెషీన్ ఒకటుంది. దానికి నెట్ పోయింది. నందిగామలో ఆపమంటే జగ్గయ్యపేటలో ఆపింది. పైగా నందిగామలో ఆపానని చెప్పింది.

మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఇన్‌స్టాల్ చేసినా ఒక నెట్‌వర్క్‌ని అదే పేరుతో తయారుచేసి పెడుతుంది. అందుకే పేరు చూసి తేడా కనిపెట్టలేం. ఇన్‌ఛార్జి టేబుల్ మీది కంప్యూటర్‌లో ఇదివరకు అలాంటి నెట్‌వర్క్ లేదు కాబట్టి గొడవ రాలేదు. ఈసారి పరీక్షకి ముందు, మార్కులు వేసే ప్రోగ్రాం కోసం హెచ్ఓడీ ఆ కంప్యూటర్‌లోనే ఒక వర్చువల్ మెషీన్ పెట్టించాడు. దాంతోపాటే అదే పేరుతో నెట్‌వర్క్ వచ్చింది. ఆ రోజు మార్కుల ప్రోగ్రాం పనిచేయక, కేబుల్ లూజయిందని అందరూ కేబుల్ పీకి పెట్టారట. నిజానికి ఇన్‌ఛార్జి కమాండ్‌కి ఆగింది ఆ ప్రోగ్రాం నెట్‌వర్కే.

ఇక కోడ్ చదవడం మొదలుపెట్టాను. మా ఆయన టీ తెచ్చి పెట్టి నా మొహం చూశాడు.

"ఏమైంది? అట్లా పెట్టావేంటి మొహం?"

"పప్పు డబ్బా మూత తీస్తే లోపల పురుగులు కదులుతున్నట్టుందండి" అన్నాను.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పని చూసే భాగాన్ని డ్రైవర్ అంటారు. మెషీన్ల పనికి ఒక డ్రైవర్, నెట్‌వర్క్ పనికి ఒక డ్రైవర్. దూరపు సర్వర్ కావాలని అడిగినప్పుడు రెండు పనులూ రిమోట్ డ్రైవర్‌కే వెళ్ళాలి. దాని పని మాటని అవతలికి మోసుకెళ్ళి, జవాబు తేవడం. మెషీన్ల పని సరిగ్గానే దానికి వెళ్తోంది. నెట్‌వర్క్ పని మాత్రం ముందుగా ఇక్కడి డ్రైవర్‌ని అడుగుతోంది, ఇది నీదేనా అని. ఆ డ్రైవర్ ఏ సర్వర్ గురించి అడుగుతున్నారో కూడా చూడకుండా నాదే అంటోంది. తన దగ్గర ఆ పేరుతో ఒకటుంటే చాలు.

కోడ్‌లో ఆ వరసల పైన, ఎవరో రాసిపెట్టిన వ్యాఖ్య ఉంది. ఇది సరైన పద్ధతి కాదు, ప్రస్తుతానికి నడుస్తుంది, అని దాని భావం. అది రాసి ఏళ్ళు దాటింది. అంటే ఆ మనిషికి తెలుసు. తెలిసి, ఆ రోజుకి చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఎవరి దగ్గర ఏమవుతుందో అతనికి అక్కర్లేదు.

అంతకన్నా అసహ్యం కలిగించింది ఫిర్యాదుల పేజీ. ఈ తప్పు గురించి ఎక్కడెక్కడి వాళ్ళో ముందే రాశారు. ఒకతను, తన ఆఫీసు నెట్‌వర్క్‌ని తనే ఆపేశాడని పైవాళ్ళు మందలించారని, తను ఆపమన్నది వేరే సర్వర్‌లోదని, దయచేసి చూడమని బతిమాలుతూ రాశాడు. కింద జవాబు: మాకు ఇక్కడ అలా జరగడం లేదు, మీ సెటప్ సరిచూసుకోండి. మూసేశారు. ఇంకొకరికీ అదే జవాబు. ఇంకొకరికీ అదే. ఎక్కడి నందిగామ, ఎక్కడి వాళ్ళు! మాటలు మాత్రం మా కరస్పాండెంట్ గదిలో విన్నట్టే ఉన్నాయి.

దిద్దడం పెద్ద కష్టం కాదనుకున్నాను. కనెక్షన్ దూరపు సర్వర్‌కి అయితే, నెట్‌వర్క్ కోసం కూడా ముందు రిమోట్ డ్రైవర్‌నే అడగాలి, ఇక్కడి డ్రైవర్ పక్కకి తప్పుకోవాలి. రాశాను. నందిగామ నెట్‌వర్క్ ఆపమంటే నందిగామదే ఆగింది. కానీ పని ముగించి కనెక్షన్ మూసేసరికి ప్రోగ్రాం కుప్పకూలింది. ఒకదాని కింద ఒకటి తవ్వితే తెలిసింది, రెండు పనులూ ఒకే కనెక్షన్ వాడుకుంటున్నాయి, చివర్లో ఎవరికి వారు దాన్ని మూసేస్తున్నారు. ఒకరు మూసేసిన దాన్ని రెండోవారు మళ్ళీ మూయబోతే కూలదా మరి? ఎవరు తెరిచారో వాళ్ళే మూయాలని రాసిపెట్టాను. దానికి ఇంకొన్ని మధ్యాహ్నాలు పట్టింది. కంది పచ్చడి రోట్లో సగం నూరి మర్చిపోయిన రోజులున్నాయి.

దిద్దిన కోడ్ పంపితే, దాన్ని పరిశీలించే ఆయన ఏదో దేశం నుంచి జవాబిచ్చాడు. ముందు, కోడ్ వరసల్లో ఖాళీలు సరిగ్గా వదల్లేదని. సరిచేశాను. తర్వాత, రెండు సర్వర్లలో ఏది ఏదో మీరు పొరబడటం లేదు కదా అని. ఆ వాక్యం చదివి లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను. మర్యాదగానే అడిగాడు, కాదనను. ఆ మర్యాదే నాకు రోత పుట్టించింది. తను ఒక్కసారి చేసి చూడటం మానేసి, చూసినవాళ్ళ కళ్ళని అనుమానించడం అందరికీ ఎంత తేలికో.

మీ కంప్యూటర్ మీద ఒకసారి చేసి చూడండి, ఇంతకంటే నేను అడిగేది లేదు, అని రాశాను. చాలాసేపు జవాబు లేదు. తర్వాత ఒక చిన్న ఉత్తరం వచ్చింది. చేసి చూశానని, తన పని నడుస్తున్న నెట్‌వర్కే ఆగిపోయిందని, అందుకే జవాబు ఆలస్యమైందని, నేను చెప్పిందే నిజమని. క్షమించమని కూడా రాశాడు. మొత్తం వ్యవహారంలో క్షమించమన్న మనిషి ఆయనొక్కడే. నా కోడ్ తీసుకున్నారు. తర్వాత వచ్చిన వెర్షన్‌లో అది ఉంది.

అప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని కరస్పాండెంట్ గదికి వెళ్ళాను. పాత వెర్షన్‌తో ఏం జరుగుతుందో, కొత్తదాంతో ఏం జరుగుతుందో ఆయన ముందే చేసి చూపించాను. "ఆ రోజు ఆవిడ తప్పేం లేదండీ. సాఫ్ట్‌వేర్‌దే తప్పు. దాన్ని రాసినవాళ్ళే ఒప్పుకున్నారు" అన్నాను.

ఆయన కళ్ళు మెరిశాయి. నేను ఆశపడ్డాను.

"అంటే, ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్‌ని మన కాలేజీ అమ్మాయి బాగుచేసిందన్నమాట!"

"అది సరేనండి. ఆవిడ్ని మళ్ళీ ల్యాబ్‌లో..."

"ఫ్లెక్సీ వేయిద్దాం. హైవే మీదికి కనపడేటట్టు. ఫోటో ఒకటి పంపమ్మా, చీరలో ఉన్నది."

"ఆవిడ గురించి చెప్పండి సార్. అందరి ముందూ ఆవిడ తప్పు లేదని చెప్పాలి మీరు."

"అయిపోయిన దాన్ని కెలకడం దేనికమ్మా? ఎగ్జామినర్ దాకా వెళ్ళిన విషయం. ఇప్పుడు మనదే పొరపాటంటే కాలేజీకి చెడ్డపేరు కదా."

మరి సర్వర్‌లో, ల్యాబ్‌లో కొత్త వెర్షన్ వేయడానికైనా పర్మిషన్ ఇమ్మంటే, ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోవద్దన్నాడు.

ఫ్లెక్సీ పడింది. అందులో నా మొహం చిన్నది, ఆయన మొహం పెద్దది. యాన్యువల్ డే నాడు స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. నేను ముందే నిర్ణయించుకుని వెళ్ళాను. బస్సుల దగ్గర నిలబడ్డ ఇన్‌ఛార్జి నాకు స్టేజీ మీంచి కనిపిస్తూనే ఉంది.

"ప్రాక్టికల్ పరీక్ష రోజు నెట్‌వర్క్ ఆపలేదని మన ల్యాబ్ ఇన్‌ఛార్జి మీద నింద వేశారు. ఆవిడ ఆపింది. సాఫ్ట్‌వేర్ తప్పుగా చేసింది. నేను దిద్దింది ఆ తప్పే. ఆవిడ గానీ, ఆ బ్యాచ్‌లో ఉన్న ఆవిడ మేనకోడలు గానీ ఏ మోసమూ చేయలేదు" అన్నాను.

కరస్పాండెంట్ నవ్వుతూ వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"చూశారా! ఎంత పెద్ద మనసో మన మేడం గారిది! ఇంత ఘనత సాధించి కూడా, తోటి ఉద్యోగి మీద జాలితో ఆవిడ్ని గుర్తుపెట్టుకున్నారు. గట్టిగా చప్పట్లు కొట్టండమ్మా!"

చప్పట్లు మోగాయి. వెంటనే డాన్స్ పాట పెట్టారు. నా నోట్లోంచి వచ్చిన నిజాన్ని ఆయన ఆ జామకాయ తిన్న నోటితోనే నమిలి, జాలి అని ఉమ్మేశాడు. భుజాల మీద శాలువా బల్లి పాకినట్టు అనిపించింది. తీసి కుర్చీ మీద పడేసి దిగి వచ్చేశాను.

బస్సుల దగ్గర ఆవిడ ఏడవలేదు. "చెప్పావు కదక్కా. విన్నవాళ్ళు విన్నారు" అంది. తర్వాత, "నేనింక ఇక్కడ ఉండను" అంది.

ఆ వారమే నేను చిల్లకల్లు వెళ్ళాను, వాళ్ళ అన్న ఇంటికి. ఆయన వాకిట్లో పరదా మీద ఆరబోసిన మిరపకాయల్లో తాలు ఏరుతున్నాడు. ఘాటుకి నేను మాట మాటకీ దగ్గుతూనే జరిగిందంతా చెప్పాను. ఆయన చేయి ఆపకుండా విన్నాడు.

"అయితే మా చెల్లి నిజంగానే ఆపిందంటారా?"

"ఆపిందండీ. నేను అదే చేస్తే నా దగ్గరా అదే జరిగింది."

"కంప్యూటర్ తప్పు చెప్పుద్దని నాకేం తెలుసండి. అంత చదువుకున్నోళ్ళు చెప్తే నమ్మా." ఒక తాలుకాయ ఏరి పక్కన పడేసి, "మా పిల్ల అప్పుడే చెప్పింది, అత్త అట్లాంటిది కాదు నాన్నా అని. దాన్నీ తిట్టా" అన్నాడు. లోపలికి కేకేసి నాకు మంచినీళ్ళు తెప్పించాడు. మధ్య తలుపు గడియ ఎప్పుడు తీశారో నాకు తెలియదు. తర్వాత వెళ్ళినప్పుడు తీసే ఉంది.

ఆ పిల్ల మళ్ళీ పెట్టిన పరీక్ష రాసి పాసయింది. ఇన్‌ఛార్జికి మైలవరం వైపు ఇంకో కాలేజీలో ఉద్యోగం దొరికింది. రోజూ ప్రయాణం కష్టమని కుటుంబాన్ని తీసుకుని అక్కడికే మారింది. నేనూ ఆ విద్యా సంవత్సరం చివర్లో మానేశాను. మానేస్తున్నానంటే కరస్పాండెంట్, "ఫ్లెక్సీ కూడా వేయించాం కదమ్మా!" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

ఇప్పుడు ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీ ఒకదానికి పనిచేస్తున్నాను. మొన్నీమధ్య ఒక కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. నందిగామ కాలేజీలో ఇప్పుడున్న ల్యాబ్ ఇన్‌ఛార్జి. నా నంబర్ ఎవరో ఇచ్చారట.

"మేడం, సర్వర్‌లో నెట్‌వర్క్ ఆపితే ఆగిందని వస్తుందండి, కానీ ఆగట్లేదండి. పరీక్షలకి కేబులే పీకేస్తన్నాం. నేనేదో తప్పు కొడుతున్నా అంటున్నారండి హెచ్ఓడీ సార్."

"మీ టేబుల్ మీది కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉందో చూసి చెప్పండి" అన్నాను.

అతను చదివి వినిపించాడు. పాతదే. నా ఫోటో హైవే మీద వేలాడినన్నాళ్ళూ, చిరిగిపోయాక కూడా, లోపల అదే పాత సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉంది.

"మీరు తప్పు కొట్టట్లేదు. అది చాలా రోజుల కిందే దిద్దిన తప్పు. కొత్త వెర్షన్ వేసుకోండి, అంతే" అన్నాను.

"వేసుకుంటానండి. కానీ సార్ పర్మిషన్ ఇవ్వాలండీ. నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దంటారు."

ఎలా అడగాలో, ఏం చూపించాలో అతనికి విడమరిచి చెప్పాను. అన్నిటికీ సరేనండి సరేనండి అన్నాడు. ఫోన్ పెట్టేశాక, పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను.